ఇంటి బడికి ఏడాది ప్రణాళిక



జూన్ 12 దగ్గర పడుతోందంటే విచారణ కార్యాలయం ముందు చెప్పుల వరుస పెరుగుతుంది. ఎక్కువమంది వచ్చేది బడి ప్రవేశానికి సిఫారసు ఉత్తరం కోసమే. కొద్దిమంది మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు: "ఫాదర్ గారూ, పిల్లగాణ్ణి ఈ ఏడు ఇంట్లనే చదివిస్తే నడుస్తదా?"

అడిగేవారి కారణాలు ఒక్కటిగా ఉండవు. ఒక ఇంట్లో తలసీమియా ఉన్న పాప. ప్రతి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఆ తరువాత రెండు రోజుల నీరసం, బడిలో హాజరు నిలవదు. ఇంకో ఇంటి అబ్బాయి ఐదో తరగతికి వచ్చినా వాక్యం చదవలేడు. తరగతిలో నవ్వులపాలై, పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. మరొక కుటుంబం గల్ఫు నుంచి నడి సంవత్సరంలో తిరిగి వచ్చింది. ఫీజు భారం మోయలేక అడిగేవారూ ఉన్నారు. ఈ పాఠం వీరందరి కోసం. బిడ్డను బడికి పంపుతూనే సాయంత్రం ఇంట్లో కూర్చోబెట్టి చదివించే తల్లులకూ ఇందులో పనికివచ్చేది ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటి బడి అందరికీ తగినది కాదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే పనికి వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో అది నడవదు. టీచరుతో తగాదా పడి ఆ కోపంలో బిడ్డను మాన్పించడం తగదు. ఆ కోపం నెలలో చల్లారుతుంది, బిడ్డ మాత్రం ఇంట్లో మిగిలిపోతాడు. ఫీజు ఒక్కటే కారణమైతే ప్రభుత్వ పాఠశాల ఉంది. పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంది, శిక్షణ పొందిన ఉపాధ్యాయులున్నారు. అక్కడ చేర్చడానికి మన కుటుంబాలు ఎందుకు సిగ్గుపడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇవేవీ కాక, బిడ్డ అవసరమే కారణమై, ఇంట్లో ఒక పెద్దమనిషి రోజుకు రెండు మూడు గంటలు నిజంగా ఇవ్వగలిగితే అప్పుడు ఆలోచిద్దాం.

చట్టం ఏమంటోంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 నుంచి 14 ఏళ్ల బిడ్డలను దగ్గరలోని పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని 10వ సెక్షను చెబుతోంది. ఆ విధిని పాటించని తల్లిదండ్రులకు మాత్రం చట్టం ఏ శిక్షనూ పెట్టలేదు. 2012 సవరణతో తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్దనే విద్య పొందే హక్కు స్పష్టంగా లభించింది. మిగిలిన పిల్లల విషయంలో ఇంటి బడికి నమోదు పద్ధతి గాని, పరీక్షించే విధానం గాని ఆ చట్టంలో లేవు. దీన్ని స్వేచ్ఛ అనుకునేవారున్నారు. నేను బాధ్యత అంటాను, ఎందుకంటే మనం చెప్పకపోయినా అడిగేవారుండరు.

శ్రీసభ బోధ ఈ విషయంలో పాతదే. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యపై వెలువరించిన ప్రకటనలో పిల్లలకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్ట సంహితలోని 793వ సూత్రం కూడా అదే చెబుతోంది. బడి మనకు తోడు. మన బదులు నిలిచేది కాదు. కాబట్టి బిడ్డను బడిలో చేర్చిన తల్లీ, ఇంట్లో చదివించే తల్లీ ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు, మార్గాలే వేరు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో తన రాష్ట్రమంతటా బడుల లెక్క తీయించాడు. ఆనాటి తెలుగు జిల్లాలన్నీ అందులో చేరాయి. మద్రాసు నగరం నుంచి వచ్చిన లెక్కలో ఇళ్లలో చదువుకునే పిల్లలు బడులకు వెళ్లేవారికంటే దాదాపు ఐదింతలు ఉన్నారని తేలింది. అందరూ బడికి వెళ్లాలన్న మాటే మన చరిత్రలో కొత్తది. అది మంచి మాట కూడా, ఎందుకంటే ఆనాటి ఇళ్ల చదువు పేదవాడి గుమ్మం దాకా రాలేదు.

2020 నేర్పిన పాఠం

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మన విచారణలో రెండు గదుల ఇల్లు, ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు ఉన్న కుటుంబాలెన్నో. అప్పుడు నేను గమనించినది ఒకటుంది. బడి టైంటేబులును గోడకు అతికించి, ఏడు పీరియడ్లు పెట్టి, ఇంట్లో గంట కొట్టిన తల్లిదండ్రులు మూడో వారానికి అలసిపోయారు. రోజుకు కొంచెం, ఒకే వేళకు, బిడ్డ పక్కనే కూర్చుని చదివించినవారు నిలిచారు. ఇంటికి బడి వేషం వేయకూడదు. నలభైమందిని ఒక గదిలో అదుపులో ఉంచడం కోసం పుట్టిన పద్ధతులు ఒక్క బిడ్డకు అక్కరలేదు.

ముందు బిడ్డను చదవండి

పుస్తకాలు కొనకముందే ఒక వారం బిడ్డను పరిశీలించండి. ఏ తరగతిలో ఉన్నాడని కాదు, ఎక్కడ ఉన్నాడని. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతటా గ్రామాల్లో చేస్తున్న 'అసర్' సర్వేలో వాడే పద్ధతి చాలా సులువు. ఒక కాగితం మీద విడి అక్షరాలు, ఇంకొకదాని మీద చిన్న పదాలు, మూడోదాని మీద ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, నాలుగోదాని మీద రెండో తరగతి స్థాయి కథ. బిడ్డ ఎక్కడ తడబడతాడో అక్కడ ఆగండి. లెక్కల్లో కూడా అంతే. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పావుగంట పని. కొట్టవద్దు, తిట్టవద్దు, "ఇది కూడా రాదా" అనవద్దు. ఈ పరీక్ష మీకే గాని బిడ్డకు కాదు.

ఒక చిన్న జాగ్రత్త. మన పిల్లలకు పరలోక జపం, మంగళవార్త జపం కంఠతా వచ్చు. జపాల పుస్తకం తెరిచి గడగడా చదివేస్తారు. తల్లి సంతోషిస్తుంది. ఆ పిల్లవాడు చదవడం లేదు, అప్పజెప్తున్నాడు. తెలిసిన జపం నేర్పడానికి చాలా మంచిది. నోట్లో ఉన్న మాటను కాగితం మీది అక్షరంతో కలుపుకుంటూ వేలు పెట్టి నడుస్తాడు. పరీక్షించడానికి మాత్రం ఎన్నడూ చూడని వాక్యమే కావాలి.

తెలుగు చదవడం రాని బిడ్డకు అక్షరమాల మొత్తం 'అ' నుంచి 'ఱ' దాకా పూర్తయ్యేవరకు ఆగనక్కరలేదు. ఙ, ఞ లతో వాడికి ఇప్పుడేం పని? త, ల, వ, ప, క అనే ఐదు అక్షరాలు చాలు. తల, వల, కల, పలక, కలప అనే ఐదు మాటలు మొదటి వారంలోనే చదివేస్తాడు. చదివానన్న ధైర్యం వచ్చాక గుణింతాలు, ఆ తరువాత ఒత్తులు. ఒత్తుల దగ్గర మాత్రం తొందరపడకండి. ఇంగ్లీషు మీడియంలో నాలుగైదేళ్లు గడిపిన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

మన పాతబస్తీ పిల్లలకు ఇంకో సంగతి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో దక్కనీ ఉర్దూ. దీన్ని లోపంగా చూసే తల్లిదండ్రులున్నారు. నేను సంపదగానే చూస్తాను. భిన్నాలు రావడం లేదని వాపోయిన ఒక తల్లి కొడుకును పిలిచి, "డేఢ్ సౌ అంటే ఎంత?" అని అడిగాను. "నూట యాభై" అన్నాడు. ఢాయీ సౌ? "రెండు వందల యాభై." సవా సౌ? "నూట ఇరవై ఐదు." నూటికి ఒకటిన్నర రెట్లు, రెండున్నర రెట్లు, ఒకటింబావు రెట్లు వాడి నోట్లో ఉన్నాయి. కాగితం మీది 1½ అదేనని ఎవరూ చెప్పలేదు, అంతే. పావు కిలో పచ్చిమిర్చి, అర్ధపావు అల్లం కొనుక్కొచ్చే బిడ్డకు భిన్నాలు రావనడం సరి కాదు.

మదనపల్లె నిచ్చెన

బిడ్డ ఎక్కడున్నాడో తెలిశాక పాఠాన్ని అతని మెట్టుకు తీసుకురావడం ఎలా? దీనికి మంచి ఉదాహరణ మన తెలుగు నేలమీదే ఉంది. 1972లో డేవిడ్ హార్స్‌బరో అనే ఆంగ్లేయుడు కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టారు. అక్కడ తరగతులు లేవు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే చోట, ఎవరి వేగంతో వారు నేర్చుకున్నారు. 1984లో ఆయన చనిపోయారు. ఆయన దగ్గర శిక్షణ పొందిన పద్మనాభరావు, రమ దంపతులు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ విద్యా కేంద్రం ద్వారా చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడున్న బడులను నడిపారు. ఒక టీచరు, ఐదు తరగతుల పిల్లలు. ఆ ఇబ్బందిలోనుంచే పుట్టింది వారి 'నిచ్చెన'.

పుస్తకాన్ని పాఠాలుగా కాక చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ప్రతి మెట్టుకూ కొన్ని కార్డులు: పరిచయం చేసేవి, అభ్యాసం చేయించేవి, వచ్చిందో లేదో చూసేవి, రాకపోతే మళ్లీ నేర్పేవి, వచ్చినవాడికి ఇంకొంచెం మేత వేసేవి. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడమీది నిచ్చెన పటం చూసుకుని తాను ఏ మెట్టుమీద ఉన్నాడో, తరువాత ఏ కార్డు తీయాలో బిడ్డే తెలుసుకుంటాడు. జ్వరమొచ్చి పది రోజులు రాకపోతే తిరిగొచ్చి ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. తరగతి ముందుకు వెళ్లిపోయిందన్న భయం లేదు. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాడులో కృత్య ఆధారిత బోధన ఈ దారిలోనే వచ్చాయి.

నేను ఇంటి బడి తల్లులకు ఈ నిచ్చెననే సిఫారసు చేస్తాను. రక్తం ఎక్కించుకునే పాపకు, పైన చెప్పిన జ్వరం పిల్లవాడికి తేడా ఏముంది? ఆగిన చోటి నుంచి ఎక్కడమే ఇద్దరికీ కావలసింది.

ఇంట్లో ఇది చేయడానికి ఖర్చు లేదు. పాత క్యాలెండరు అట్టలు, పెళ్లి శుభలేఖల వెనుకవైపు చాలు. తీసివేతను తీసుకుందాం. 52 లోంచి 28 తీసివేయాలి. బడిలో "రెండులోంచి ఎనిమిది పోదు, పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటారు. అప్పు తెచ్చినదాన్ని ఎప్పుడు తీరుస్తామని ఒక పాప నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే! అగ్గిపుల్లలు తీసుకోండి, మందు గీకేసి. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు: అది 52. ఎనిమిది విడి పుల్లలు ఇమ్మనండి. లేవు. ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఎనిమిది ఇచ్చేస్తే నాలుగు మిగిలాయి. నాలుగు కట్టల్లో రెండు ఇచ్చేస్తే రెండు. ఇరవై నాలుగు. అప్పు లేదు, పక్కిల్లు లేదు. మన దగ్గరున్న కట్టనే విప్పుకున్నాం.

దీన్ని మెట్లుగా రాసుకోండి. మొదటి మెట్టు: కట్ట విప్పనక్కరలేని తీసివేత. రెండు: పుల్లలతో కట్ట విప్పడం. మూడు: పుల్లలకు బదులు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు. నాలుగు: బొమ్మ గీసి. ఐదు: అంకెలతో మాత్రమే. ఆరు: 50 లోంచి 28, మధ్యలో సున్నా ఉన్న 302 లోంచి 145 లాంటివి. ఏడు: కిరాణా కొట్టు లెక్క. ఒక బిడ్డ మూడు రోజుల్లో ఏడు మెట్లూ ఎక్కుతాడు. ఇంకొకడికి మూడు వారాలు పడుతుంది. ఇద్దరూ పైకి వస్తారు.

నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గురువు గురించి చేసిన చర్చ చదివాను. ఆయన గురువును వైద్యుడితో పోల్చారు. వైద్యుడు ఆరోగ్యాన్ని బయటినుంచి పోయడు. దేహంలో ఉన్న బాగుపడే శక్తికి తోడు నిలుస్తాడు. అట్లే బిడ్డలో నేర్చుకునే శక్తి ముందే ఉంది. అందువల్ల పాఠాన్ని బిడ్డకు తగినట్లు మార్చడమంటే పాఠం తగ్గించడం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మందబుద్ధి అనుకున్న బిడ్డకు సగం పుస్తకం తీసేస్తారు. తీయవలసింది పుస్తకంలో సగం కాదు, మధ్యలో ఉన్న అడ్డు. చదవలేని బిడ్డకు సైన్సు పాఠం చదివి వినిపించండి, నోటితో జవాబు చెప్పించండి. రాయడం కష్టమైన బిడ్డ చెబుతుంటే మీరు రాయండి. చదవడం నేర్పే పని వేరే గంటలో వేరుగా సాగాలి. చురుకైన బిడ్డ విషయంలో కూడా అంతే. వచ్చిన లెక్కనే ఇరవైసార్లు చేయించడం అతనికి శిక్ష. ఒకటి చేయించి, అలాంటి లెక్క తానే తయారుచేసి చెల్లెలికి ఇమ్మనండి.

వారాల లెక్క

ఇక ఏడాది ప్రణాళిక. జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 దాకా సరిగ్గా 45 వారాలు. దసరాకు రెండు, క్రీస్తు జయంతికి ఒకటి, సంక్రాంతికి ఒకటి తీసేయండి. ఇంకో ఐదు వారాలు పెళ్లిళ్లకు, జ్వరాలకు, ఊరి ప్రయాణాలకు ముందే వదిలేయండి. వదలకపోతే అవే లాక్కుంటాయి. మిగిలినవి 36. వారానికి ఐదు రోజుల చొప్పున 180 రోజులు.

చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటల బోధన కావాలంటోంది. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అంటే చిన్న తరగతులకు రోజుకు నాలుగు గంటలు. కాని అది హాజరు పిలవడం, వరుస కట్టించడం, నలభై నోటుపుస్తకాలు దిద్దడం కలిసిన నాలుగు గంటలు. పక్కన కూర్చుని ఒక్క బిడ్డకు చెప్పేటప్పుడు చిన్న తరగతులకు రెండున్నర గంటలు నికరంగా ఇస్తే చాలునని నా అనుభవం. పెద్ద తరగతులకు మూడున్నర. మిగిలిన రోజంతా ఆట, ఇంటిపని, చదువుకోవడానికి కథల పుస్తకాలు.

36 వారాలను ఆరు భాగాలు చేయండి. ఒక్కో భాగంలో ఐదు వారాలు కొత్త పాఠాలు, ఆరో వారం కొత్తది ఏదీ లేకుండా వెనక్కి తిరిగి చూసుకోవడం. ఆ ఆరో వారాన్ని ఎవరూ ఇష్టపడరు, పాఠాలు వెనకబడుతున్నాయని భయపడతారు. దయచేసి దాన్ని తీసివేయవద్దు. బిడ్డకు ఏం నిలిచిందో మీకు తెలిసేది ఆ వారమే. గణితంలో పన్నెండు అధ్యాయాలుంటే 30 వారాలకు అధ్యాయానికి రెండున్నర వారాలని సమానంగా పంచవద్దు. భాగహారం, భిన్నాలు ఇంకెక్కువ తింటాయి. ఆకారాలు, కొలతలు తొందరగా అయిపోతాయి.

మన వాడకట్టు క్యాలెండరు కూడా చూసుకోవాలి. రంజాను నెలలో రాత్రంతా బజారు తెరిచి ఉంటుంది, పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు. ఆ నెల పాఠం పదింటికి మొదలుపెట్టండి, పోట్లాడవద్దు. బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి, మొహర్రం ఊరేగింపుకు దారులు మూసేస్తారు. ఆ రోజులు ముందే సెలవుగా రాసుకుంటే మంచిది. తపస్సుకాలం, పాస్కా రోజులు మీకు చెప్పనక్కరలేదు. మార్చి చివరి నుంచి రేకుల ఇళ్లలో మధ్యాహ్నం కూర్చోలేరు కనుక కష్టమైన పాఠాలన్నీ ఫిబ్రవరి లోపే ముగించండి.

నగరమే పుస్తకం

చార్మినార్ నీడలో బతుకుతూ చరిత్రను గైడు చూసి బట్టీ పట్టించడం విచారకరం. ప్రతి నెలా ఒక రోజు బయటికి తీసుకెళ్లండి. చార్మినార్ 1591 నాటిది. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. మధ్యలో ఎన్నేళ్లు? 317. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి ఆనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టును చూపించి, ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో అడగండి. నది, వాన, ఆనకట్ట, తాగునీరు అన్నీ ఒకే కథలో దొరుకుతాయి.

లాడ్‌బజారులో లక్క గాజులు చేసే చోట పావుగంట నిలబడండి. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడే లక్కను మళ్లీ వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. కాల్చిన కుండ మాత్రం తిరిగి మట్టి కాదు. ఈ తేడా ఒక్కటి బిడ్డ కళ్లతో చూస్తే సైన్సు పుస్తకంలో రెండు పేజీలు వచ్చేసినట్లే. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. అక్కడి గడియారం గంట కొట్టే వేళకు ముందే వెళ్లి కూర్చోండి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. అక్కడికి వెళ్లే అలవాటు చేస్తే పుస్తకాల ఖర్చు సగం తగ్గుతుంది. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారి పిల్లల పుస్తకాలు చవక, బొమ్మలు కూడా బాగుంటాయి.

పరీక్షలు, ధ్రువపత్రాలు

"మరి పదో తరగతి ఎట్లా ఫాదర్?" ఇదే అందరి భయం. దారి ఉంది. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా మొదలైన సంస్థ నేడు ఎన్.ఐ.ఓ.ఎస్. పేరుతో నడుస్తోంది. మన రాష్ట్రానికి తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో అది 1991లో మొదలైంది. రెండింటిలోనూ పదో తరగతికి 14 ఏళ్లు నిండి ఉండాలి. ఎన్.ఐ.ఓ.ఎస్.లో కనీసం ఒక భాషతో సహా ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి. తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఒక్కొక్క సబ్జెక్టు రాసుకుంటూ పోవచ్చు, పాసైనది నిలిచి ఉంటుంది. చిన్న తరగతులకు సమానంగా మూడు, ఐదు, ఎనిమిది స్థాయిల్లో ప్రాథమిక విద్య కార్యక్రమం కూడా ఉంది. చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. వైద్య ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సౌకర్యం అడగవచ్చు. బుద్ధిమాంద్యం అనుమానముంటే సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు తీసుకెళ్లండి. పక్కింటివారి అంచనాతో బిడ్డ మీద ముద్ర వేయకండి.

మధ్యలో దళారులు తగులుతారు. "డబ్బివ్వండి, పాస్ చేయిస్తాం" అంటారు. వారిని గుమ్మం ఎక్కనివ్వవద్దు. ప్రవేశం సంస్థ అధికారిక మార్గంలోనే, రసీదు తీసుకుని చేయండి.

తోడు

ఇంటి బడిలో నిజమైన లోటు తోటి పిల్లలు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆదివారం సత్యోపదేశం తరగతి, పీఠబాలుర బృందం, సాయంత్రం గల్లీలో క్రికెట్ ఇవేవీ మానిపించకండి. ఇంటి బడి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటే వారానికి రెండు రోజులు ఒక ఇంట్లో కలిసి చదవనివ్వండి. మతం చూసి స్నేహం కట్టవద్దు. మన గల్లీలో ఉర్దూ మాష్టారు ఒకాయన మన పిల్లలకు ఎక్కాలు చెబుతారు, మన టీచరమ్మ వారి పిల్లలకు తెలుగు చెబుతుంది.

రెండో లోటు తల్లి అలసట. వంట, నీళ్లు, అత్తమామల మందులు, ఆపైన బడి. తండ్రులారా, ఈ మాట మీకు. ఫీజు మిగిలిందని సంతోషించి, రాత్రి వచ్చి "ఇవాళ ఏం చెప్పినవ్?" అని తనిఖీ చేయడం మీ వంతు కాదు. ఒక సబ్జెక్టు మీరు తీసుకోండి. ఆటో నడిపే ఒక తండ్రి ఆదివారం మధ్యాహ్నాలు కూతురికి మ్యాపు నేర్పుతున్నాడు. ఆయనకంటే బాగా మన నగరం పటం ఎవరు చెప్పగలరు? అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే కథలు, సామెతలు, పొడుపుకథలు వారివి.

రోజూ ఒక నోటుపుస్తకంలో మూడు వరుసలు రాసి పెట్టండి: ఈరోజు ఏం చేశాం, ఏం వచ్చింది, ఎక్కడ ఆగింది. బిడ్డ రాసిన కాగితాల్లో నెలకు నాలుగు, తేదీ వేసి ఒక ఫైలులో దాచండి. జనన ధ్రువపత్రం, బడి నుంచి తెచ్చిన బదిలీ పత్రం, ఆధార్ నకలు కూడా అందులోనే. మళ్లీ బడికి పంపాలనిపించిన రోజు ఈ ఫైలే మీ సాక్ష్యం. వయసుకు తగిన తరగతిలో చేరే హక్కును, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ పొందే హక్కును విద్యాహక్కు చట్టం 4వ సెక్షను ఇస్తోంది. బదిలీ పత్రం ఆలస్యమైందని గాని, వయసు రుజువు లేదని గాని ప్రవేశం నిరాకరించకూడదు.

నడి సంవత్సరంలో ఇంటి బడి కుదరడం లేదని తేలితే ఏప్రిల్ దాకా ఆగవద్దు. రెండు ఆరు వారాల భాగాలు గడిచినా బిడ్డ ఒక్క మెట్టు కూడా కదలకపోతే, లేదా ఇంట్లో రోజూ ఏడుపులే అయితే, దసరా సెలవుల తరువాతే బడిలో చేర్చండి. ఆ ఉత్తరం కోసం వచ్చేవారు ఫైలు వెంట తెచ్చుకోండి. శనివారం సాయంత్రం పూజ తరువాత కార్యాలయంలో ఉంటాను.